నాలుగో బల్ల జంట

కవరు వచ్చి మూడు రోజులైనా నిచ్చెనమ్మ దాన్ని చింపలేదు. దుప్పట్ల కింద దాచేసి, ఆ బీరువా వైపు వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుని నడిచింది. నలభై ఏడేళ్ళ మనిషి, ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ, ఇరవై రెండేళ్ళు లాండ్రీలో ఆవిర్ల మధ్య నిలబడి ఎవరికీ జంకని మనిషి, జానెడు కాగితానికి భయపడుతోందంటే నవ్వు రావాలి. ఆ ఇంట్లో నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

సోమవారం పొద్దున్న తువ్వాలు కోసం బీరువా తెరిచిన కూతురి చేతికి ఆ కవరు దొరికింది. దాన్ని పక్కన పెట్టి, రోజూలాగే తల్లిని పీట మీద కూర్చోబెట్టి జుట్టు చిక్కు తీసింది. కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసినప్పటి నుంచీ నిచ్చెనమ్మ తల కూతురే దువ్వుతోంది. జడ వేసి, రబ్బరు బ్యాండు బిగించి, అప్పుడు కవరు చింపింది.

"చదవనా?" అంది.

నిచ్చెనమ్మ పీట అంచు పట్టుకుని కూర్చుంది.

కార్మికుల భృతి కార్యాలయం వాళ్ళు చాలా మర్యాదగా రాశారు. మీ దరఖాస్తు పరిశీలించాం అన్నారు. లాండ్రీ రిజిస్టరు ప్రకారం మీరు చివరి రోజు వరకూ నిర్ణయించిన పని మొత్తం చేశారు, కాబట్టి పని చేయలేని స్థితిలో ఉన్నారని రుజువు కాలేదు, నెలసరి భృతి మంజూరు చేయలేం అన్నారు. అభ్యంతరం ఉంటే గురువారం పదకొండు గంటలకి సాక్ష్యంతో హాజరు కావాలనీ, రాకపోతే ఇదే ఆఖరి మాటనీ చివర్లో రాశారు.

కూతురు ఉత్తరం మడిచి కవర్లో పెట్టింది. "సరే అయితే, వచ్చే సోమవారం నుంచి నేను వెళ్తా" అంది, కూరగాయలు తెస్తానన్నంత మామూలుగా.

ఎక్కడికో అడగక్కర్లేదు. లాండ్రీ సూపర్‌వైజరు పది రోజుల కిందటే కబురు పెట్టాడు. నాలుగో బల్ల దగ్గర చోటు ఖాళీగా ఉంది, మీ అమ్మాయి తల్లిలాగే పొడుగు, రెండు వారాలు దాటి వచ్చే సోమవారందాకా ఆపుతాను, ఆ తర్వాత ఇంకెవరినో పెట్టుకుంటాను అన్నాడు. ఆయన దృష్టిలో అది ఉపకారమే. పిల్ల ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడు చదువుతోంది, ఇంకో పది నెలల్లో పూర్తవుతుంది. ఆ సంగతి ఆయనకి పట్టలేదు. కడుపు నిండాలి కాబట్టి పిల్ల కూడా పట్టించుకోనట్టే మాట్లాడుతోంది.

నిచ్చెనమ్మ కూతురి భుజాల వైపు చూసింది. సన్నటి భుజాలు. జాకెట్టు చేతుల కింద ఎముకలు కదులుతున్నాయి. ఆ భుజాలు ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా ఉంటాయో ఆవిడకి బాగా తెలుసు.

"ఆగు" అంది. "బాబాయిని అడిగొస్తా."

కింది వాటాలో ఉండే ముసలాయన్ని వీధి వీధంతా దరఖాస్తుల బాబాయి అంటారు. ముప్పై ఏళ్ళు ఏదో ఆఫీసులో గుమాస్తాగా కూర్చుని జనానికి కుదరదని ఉత్తరాలు రాశాడు, రిటైరయ్యాక ఆ ఉత్తరాలకి జవాబులు రాసిపెడుతూ పాపం కడుక్కుంటున్నాడు. ఈ మాట వేరే ఎవరో అన్నది కాదు, ఆయనే నవ్వుతూ చెప్పుకుంటాడు.

బాబాయి ఉత్తరం పక్కన పెట్టి ముందు దరఖాస్తు నకలు చూపించమన్నాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి కళ్ళద్దాలు తీసేశాడు.

"బరువులు ఎత్తగలరా అని అడిగితే మెల్లగా ఎత్తుతాను అని రాశావు. చేతులు పైకెత్తి పని చేయగలరా అంటే అలవాటే, చేసుకుంటాను అన్నావు. అమ్మాయ్, నువ్వు వాళ్ళని ఉద్యోగం అడిగావా, ఉద్యోగం చేయలేనని చెప్పావా?"

నిచ్చెనమ్మకి సిగ్గేసింది. లాండ్రీలో ఎవరైనా ఏదైనా అడిగితే చేస్తానండీ అనడమే మనిషికి నేర్పిన మొదటి పని. చేయలేనని అన్నవాళ్ళు మర్నాడు కనపడరు. ఫారం నింపేటప్పుడు కౌంటర్లో కుర్రాడు ప్రశ్న అడుగుతుంటే ఆవిడ నోరు దానంతటదే ఆ జవాబులు చెప్పేసింది.

"ఈ మెల్లగా అనే మాటే నీ కొంప ముంచింది" అన్నాడు బాబాయి. తర్వాత నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పాడు. ఈ భృతి ఎవరో జాలిపడి పడేసేది కాదు, ఇన్నేళ్ళూ ఆవిడ జీతంలోంచి కోసినదే ఇది, అందుకని అడగడానికి తల వంచుకోనక్కర్లేదు. కానీ ఆఫీసు వాళ్ళకి నొప్పి కనపడదు. డాక్టరు చీటీ చూస్తారు, ఆ చీటీ ఉంది. ఏ పని చేసేదో, అందులో ఏది చేయలేకపోతోందో, ఎప్పటినుంచో అడుగుతారు. కూర్చుని చేసే ఇంకేదైనా పని చేయగలదా అని కూడా అడుగుతారు, దానికి తొందరపడి తలూపకూడదు. ఇవన్నీ ఎలాగో దిద్దుకోవచ్చు. రిజిస్టరుతోనే చిక్కు.

"నువ్వు చివరి రోజు కూడా నిక్షేపంగా పని చేశావని ఆ పుస్తకం చెబుతోంది. అది దొంగ లెక్కా?"

"కాదు బాబాయ్. లెక్క సరైందే."

"మరి?"

నిచ్చెనమ్మ గచ్చు వైపు చూస్తూ "నేను మడవలేదు" అంది.

ఆ లాండ్రీకి ఊళ్ళోని ఆసుపత్రుల పక్కగుడ్డలన్నీ వస్తాయి. ఉతికి పిండిన గుడ్డ వేడి రోలరు కిందనుంచి ఇటు పొగలు కక్కుతూ వస్తుంది. బల్లకి ఇద్దరు. చెరో రెండు మూలలూ పట్టుకుని, గాల్లోకి ఎత్తి విదిలించి, బిగలాగి, ఎదురెదురుగా నడిచి మూలలు కలపాలి. ఒకరు పై అంచు అందుకుంటే రెండోవాళ్ళు వంగి కింది మడత పడతారు. మళ్ళీ విడిపోయి మళ్ళీ కలవాలి. పది అయితే బల్ల పక్కన పలక మీద సుద్దతో ఒక గీత. సాయంత్రం సూపర్‌వైజరు ఆ గీతలు చూసి రిజిస్టర్లో ఎక్కిస్తాడు. గీతలు జంటకే కానీ మనిషికి ఉండవు.

నాలుగో బల్ల జంటలో ఒకరు నిచ్చెన, ఇంకొకరు పిచ్చుక. పేర్లు లాండ్రీ పెట్టినవే. పిచ్చుక నిచ్చెనమ్మ చంక కిందకి వస్తుంది, నోటికీ కాళ్ళకీ విశ్రాంతి లేని మనిషి. నిచ్చెనమ్మ చెయ్యి లేవడం మానేసిన మొదటి వారమే పిచ్చుక కనిపెట్టేసింది. ఒక్క మాట అనలేదు. మర్నాడు ఎక్కడినుంచో ఖాళీ సబ్బుల పెట్టె తెచ్చి బల్ల పక్కన బోర్లించింది. దాని మీదకెక్కి పై మడత తనే పట్టి, దిగి కింది మడత కూడా తనే పట్టేది. నిచ్చెనమ్మ నడుము దగ్గర గుడ్డని కదలకుండా పట్టుకుని నిలబడేది. ఎనిమిది నెలలు, రోజుకి వందల గుడ్డలు, ఎక్కడం దిగడం. గీత ఒక్కటి తగ్గలేదు.

బాబాయి అంతా విన్నాడు. "ఈ మాట ఆవిడ వచ్చి చెప్పాలి" అన్నాడు. "నువ్వు చెబితే చాలదు."

నిచ్చెనమ్మ తల అడ్డంగా ఊపింది. ఎనిమిది నెలలు ఇద్దరి పని ఒక్కతే చేసి జంట లెక్క రాయించానని పిచ్చుక నోరు విప్పితే, సూపర్‌వైజరు దాన్ని స్నేహం అనుకోడు, మోసం అంటాడు. పిచ్చుక ఉద్యోగం ఊడుతుంది. అలాంటి సాయం ఏ మొహంతో అడగాలి.

అడక్కపోతే మాత్రం సోమవారం పిల్ల వెళ్తుంది.

*

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళకి లాండ్రీకి వెళ్ళింది. గేటు దాటగానే సబ్బూ ఆవిరీ కలిసిన ఆ వాసన ముక్కుకి తగిలి, పనికి ఆలస్యమైపోయినట్టు అడుగులు వాటంతటవే వేగం అందుకున్నాయి. రెండు నెలలైంది ఇటు వచ్చి. సూపర్‌వైజరు గాజు గది అద్దంలోంచి చూశాడు. ఆవిడ తల వంచి నమస్కారం పెట్టింది. చెయ్యి సగం వరకే లేచింది, ఆయన దాన్ని కూడా వినయం కిందే జమకట్టుకున్నట్టున్నాడు.

బాయిలరు గోడ వెనక సన్నటి నీడలో పిచ్చుక టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నిచ్చెనమ్మని చూసి మొహం చేటంత చేసుకుంది. తాత్కాలికంగా జంటకి వేసిన పిల్ల గుడ్డని తడి పిల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంటోందనీ, రోజూ గీతలు తగ్గుతున్నాయనీ, సూపర్‌వైజరు మొహం చూడలేకపోతున్నాననీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తకుండా తలనే వంచి భుజానికి రాసుకుంది.

నిచ్చెనమ్మ ఉత్తరం సంగతి చెప్పింది. గురువారం సంగతి చెప్పింది. వచ్చి చెప్పగలవా అన్న ముక్క దగ్గర ఆగిపోయింది. పిచ్చుకకి అర్థమైపోయింది.

"సూపర్‌వైజరు కూడా వస్తాడా?"

"పుస్తకం పట్టుకుని వస్తాడట."

పిచ్చుక డబ్బా మూత పెట్టింది. తీసి మళ్ళీ పెట్టింది. గోడ అవతల రోలరు తిరుగుతున్న చప్పుడు వాళ్ళ వీపులకి తగులుతోంది.

"అమ్మాయిని పంపించెయ్యక్కా" అంది చివరికి. "నేను చూసుకుంటా. నిన్ను చూసుకున్నట్టే చూసుకుంటా. బరువైన పని దాని మీద పడనివ్వను."

ఆ మాటలో ప్రేమ ఎంతుందో నిచ్చెనమ్మకి తెలుసు. కానీ కళ్ళ ముందు మెదిలింది ఆ బల్లే. తన చోటులో తన కూతురు, పక్కన అదే పిచ్చుక, ఈసారి పెట్టె ఎక్కేది ఎవరో. వెళ్తానని లేచింది. పిచ్చుక గేటు దాకా రాలేదు. ఎప్పుడూ వచ్చేది.

బుధవారమంతా భయంతోనే గడిచింది. బాబాయి పిలిచి, గది మధ్యలో నిలబెట్టి, నా వల్ల కాదు అనే మూడు మాటలు చెప్పించాలని చూశాడు. ఆవిడ గొంతులోంచి అవి సరిగ్గా రావు. ప్రతిసారీ చివర్లో కానీ చూస్తానండీ అని అతికిస్తుంది. బాబాయి మొదట నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు, చివరికి కాఫీ పెట్టి ఇచ్చాడు.

కప్పు ఎడం చేత్తో పట్టుకుని తాగుతుంటే ఇంకో భయం పట్టుకుంది. కిందటివారం కొళాయి దగ్గర చిన్న బకెట్టు ఎడం చేత్తో మోసుకెళ్ళింది. ఎవరైనా చూశారేమో. చూసి ఆఫీసుకి చెబుతారేమో. ఇన్నేళ్ళు చేస్తానండీ అని అబద్ధం చెప్పి బతికితే ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు నిజం చెప్పబోతుంటే దొంగలా ఉంది.

సాయంత్రం పిల్ల కాలేజీ నుంచి వచ్చి పుస్తకాల సంచీ మూలన పెట్టింది. బీరువాలోంచి పెద్ద దుప్పటి తీసుకొచ్చి తల్లి ముందు నిలబడింది.

"ఎలా పట్టుకోవాలో చెప్పు."

"గురువారం ఇంకా అవలేదు."

"అయినాక నేర్చుకునే టైముండదు కదమ్మా."

నిచ్చెనమ్మ కదల్లేదు. పిల్ల రెండు మూలలు కిటికీ ఊచలకి ముడేసి, మిగతా రెండూ తను పట్టుకుని ఎలా తోస్తే అలా ఎత్తింది. దుప్పటి నేలకి జీరాడింది. చూస్తూ ఊరుకోలేకపోయింది తల్లి. వేళ్ళతో కాదు, బొటనవేలు లోపలికి పెట్టి పట్టుకో అంది. మోచేతులు వంచకు. విదిలించగానే గాలి నిండుతుంది, ఆ గాలి దిగేలోపు లాగాలి అంది. పిల్ల విదిలించింది. దుప్పటి ఒక్కసారి పైకి ఉబ్బి, నిటారుగా దిగింది. చేతులు రెండూ తల పైన, ఎక్కడా వణుకు లేదు. రెండోసారికే మూలలు మూలలకి అతికినట్టు కలిశాయి.

లాండ్రీలో ఇంత తొందరగా ఎవరూ నేర్చుకోలేదు. నిచ్చెనమ్మ ఒక్క క్షణం మురిసిపోయింది. ఆ వెంటనే, తను ఏం చూసి మురిసిపోతోందో తెలిసొచ్చింది. చాలు, మడిచి లోపల పెట్టెయ్ అంది. కోపంగా అంది. పిల్ల కిటికీ ముడులు విప్పింది.

*

గురువారం నిచ్చెనమ్మ కార్యాలయం మెట్లు ఎక్కింది. రెండో అంతస్తు, ఆకుపచ్చ తలుపు, బయట బెంచీ. లోపలికి దరఖాస్తుదారూ, యాజమాన్యం మనిషీ, సాక్షులూ తప్ప ఎవరూ రాకూడదట. బాబాయీ పిల్లా బెంచీ మీద కూర్చుండిపోయారు. బాబాయి మూడు మాటలూ పెదాలు కదిపి గుర్తుచేశాడు.

అధికారి ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది, జలుబు చేసి మాటిమాటికీ రుమాలు ముక్కుకి పెట్టుకుంటోంది. చెడ్డ మనిషిలా లేదు, మంచి మనిషిలానూ లేదు. బల్ల మీద పొడుగాటి బల్లగుడ్డ పరిచి ఉంది, దానిమీద ఫైళ్ళు. పక్కన సూపర్‌వైజరు రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిచ్చుక రాలేదు.

చేతులు పైకెత్తగలరా అని అడిగింది అధికారి.

"మెల్లగా" అని వచ్చేసింది నోట్లోంచి. నిచ్చెనమ్మ నాలుక కొరుక్కుంది. "లేదండి. భుజం దాటదు. నా వల్ల కాదు."

అన్నాక తలెత్తి సూపర్‌వైజరు వైపు చూడలేకపోయింది. కుర్చీలో కూర్చుని చేసే పని ఇస్తే చేస్తారా అని తర్వాతి ప్రశ్న. పది నిమిషాలు రాస్తే వేళ్ళు మొద్దుబారిపోతాయని, అంతకంటే ఎక్కువ ప్రయత్నించి చూశానని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అధికారి రాసుకుంది. అప్పుడు రిజిస్టరు తెరిపించింది. సూపర్‌వైజరు పేజీలు తిప్పుతూ, నాలుగో బల్ల ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదని చెప్పాడు. అబద్ధమేమీ చెప్పలేదు, చివరికి మంచి పనిమంతురాలండీ అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు మెడకి ఉరిలా బిగుస్తోందని ఆయనకి తెలియదు.

"మరి ఇవన్నీ ఎవరు మడిచారు?" అంది అధికారి.

నిచ్చెనమ్మ నోరు తెరిచింది. పిచ్చుక పేరు చెప్పాలా వద్దా తేల్చుకోలేకపోయింది. తలుపు తోసిన చప్పుడైంది.

"నేనండీ" అంది పిచ్చుక. పని బట్టల్లోనే వచ్చేసింది, మోకాళ్ళ దగ్గర ఇంకా తడి ఉంది. "ఎనిమిది నెలలూ నేనే మడిచాను. అక్క ఊరికే పట్టుకుని నిలబడేది."

సూపర్‌వైజరు రిజిస్టరు మూశాడు. పిచ్చుక అటు చూడకుండా గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది, పెదాలు పాలిపోయి ఉన్నాయి.

ఇద్దరు పట్టుకోవాల్సిన గుడ్డ ఒక్కరెలా మడుస్తారో అధికారికి నమ్మకం కుదరలేదు. ఫైళ్ళు తీయించి బల్లగుడ్డ లాగి ఇచ్చింది. చూపించమంది. ప్యూను కాళ్ళ కింద పెట్టుకునే చిన్న స్టూలు పట్టుకొచ్చాడు.

నిచ్చెనమ్మ అలవాటు కొద్దీ తన చివరికి వెళ్ళి నిలబడింది. ముందు అసలు పద్ధతి చూపించమంటే ఇద్దరూ మూలలు పట్టి ఎత్తారు. నిచ్చెనమ్మ కుడిచెయ్యి రొమ్ముల దగ్గర ఆగిపోయింది, గుడ్డ ఆ వైపు కుంగింది, అందరూ అటే చూశారు. సరే, ఇప్పుడు మీరు చేసినట్టు చేయండి అంది అధికారి. పిచ్చుక స్టూలు ఎక్కింది. ఎడంచేత్తో ఒక మూల పైకెత్తింది. కుడిచెయ్యి భుజందాకా వచ్చి ఆగింది. మొహంలో ఏ మార్పూ లేకుండా, ఎడంచేతిలో మూలని పళ్ళతో కరిచిపట్టుకుని, ఆ ఎడంచేత్తో కుడి మోచేతిని కిందనుంచి పైకి తోసింది. పళ్ళ మధ్య మూల తీసుకుని విదిలించింది. గుడ్డ నిటారుగానే దిగింది.

ఎంత వేగంగా చేసిందంటే, తెలియనివాళ్ళకి అది పనితనంలా కనపడుతుంది. నిచ్చెనమ్మకి తెలుసు. ఆ తోయడం ఏమిటో, దానికి ముందు ఎన్ని రాత్రులు నిద్ర ఉండదో ఆవిడకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. నిచ్చెనమ్మ చెయ్యి పోయిన సంగతి దాచిన మనిషి, తన చెయ్యి పోవడం కూడా దాచేసింది.

అధికారి కూడా చూసింది. "మీ చేతికి ఏమైంది?"

"ఏం లేదండీ." పిచ్చుక చటుక్కున స్టూలు దిగింది. సూపర్‌వైజరు వైపు చూసి నవ్వింది. "నాకేం లేదు. బాగానే ఉన్నా. అలవాటే."

అధికారి తల వంచి, రాస్తూ పైకి చదివింది. సాక్షికి ఆరోగ్యపరమైన ఇబ్బంది ఏదీ లేదని చెప్పారు.

నిచ్చెనమ్మకి ఆ వాక్యం తనకేం చేస్తుందో అర్థమైంది. పిచ్చుక నిక్షేపంగా ఉంటేనే ఇద్దరి పనీ చేసిందంటే నమ్ముతారు. పిచ్చుక చెయ్యి కూడా పోయిందంటే, ఇద్దరు చేతకానివాళ్ళు కలిసి అన్ని గుడ్డలు ఎలా మడిచారని పుస్తకం మళ్ళీ తెరుస్తారు. అప్పుడు భృతి లేదు. సోమవారం పిల్ల వెళ్తుంది. నోరు మూసుకుంటే చాలు. పిచ్చుకకి కూడా అదే కావాలి, కళ్ళతో అదే బతిమాలుతోంది.

కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. ఫైల్లో పడి ఉంటుంది. ఏడాదికో రెండేళ్ళకో పిచ్చుక ఇదే మెట్లెక్కి వస్తే, ఎవరో దాన్ని తీసి, మీరే చెప్పారు కదా, బాగానే ఉన్నానని, అంటారు. మర్యాదగా ఉత్తరం రాస్తారు.

"అది రాయకండమ్మా" అంది నిచ్చెనమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"దానికి చెయ్యి లేవట్లేదు. తోసుకుంటోంది. నా పని కూడా చేసి చేసి అలా అయింది."

"అక్కా, ఊరుకో" అంది పిచ్చుక, పంటి బిగువున.

అధికారి కలం ఆపింది. "మీ సాక్షి పని చేయలేని మనిషంటే మీ కేసుకే ఇబ్బంది. తెలిసే అంటున్నారా?"

"తెలుసండి." నిచ్చెనమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "మీరు ఆ మాట రాసేస్తే, నాకొచ్చిన ఉత్తరమే రేపు దీనికీ వస్తుంది. ఇది చదువుకోలేదు. అప్పుడు దీనికి చెప్పేవాళ్ళు కూడా ఉండరు."

పిచ్చుక నిచ్చెనమ్మ వైపు చూసిన చూపులో కోపం తప్ప ఇంకేమీ లేదు. అలా చూస్తూనే స్టూలు మీద కూలబడింది. బల్లగుడ్డ ఇంకా ఒళ్ళోనే ఉంది. దాని అంచుని బొటనవేలితో సవరించింది, ముడత పోయేదాకా సవరించింది.

"మూడు నెలలైందండీ" అంది, ఎవరి వైపూ చూడకుండా. "మొదట్లో మధ్యాహ్నానికి నొప్పి వచ్చేది. ఇప్పుడు పొద్దున్నే జాకెట్టు తొడుక్కోలేను. మా అత్తగారు తొడుగుతుంది."

అధికారి ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి పక్కన సంతకం పెట్టింది. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, అయినా లెక్క మాత్రం తగ్గలేదు మేడమ్ అన్నాడు.

"తగ్గలేదు" అంది ఆవిడ. "నేనూ అదే రాస్తున్నాను."

తర్వాత జరిగింది నిచ్చెనమ్మకి సగం వినపడింది, సగం వినపడలేదు. ఇద్దర్నీ డాక్టర్ల దగ్గరికి పంపుతారట. నిచ్చెనమ్మ కేసు తేలడానికి మూడు వారాలు పట్టొచ్చట, ఏమని తేలుతుందో ఇప్పుడే చెప్పలేరట. పిచ్చుక ఇంకా పనిలో ఉంది కాబట్టి ఆవిడది వేరే దారి, పని వల్ల దెబ్బతిన్నట్టు యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలపాలి, తెలిపిన తేదీ నుంచే లెక్క. సూపర్‌వైజరు ఇక్కడే ఉన్నాడు కదా అని అధికారి అప్పటికప్పుడు ఫారం రాయించి, అందినట్టు ఆయన చేత సంతకం పెట్టించింది. విచారణ తేలేదాకా ఈమెని పనిలోంచి తీయడానికి వీల్లేదని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆయన అలాగేనండీ అన్నాడు. ఆ గదిలో చేస్తానండీ అన్నట్టు మాట్లాడింది అప్పుడు ఆయనొక్కడే.

బయటికి రాగానే బాబాయి నీళ్ళ సీసా అందించాడు. సూపర్‌వైజరు వెనకాలే వచ్చి, బెంచీ మీంచి లేచిన పిల్లని ఎగాదిగా చూశాడు. నాలుగో బల్ల ఇప్పుడు పూర్తిగా ఖాళీ అయ్యేట్టుందని, సోమవారం ఆరింటికల్లా రమ్మని అన్నాడు. పిల్ల తల్లి వైపు చూసింది. మూడు వారాలు ఏం తిని బతకాలో నిచ్చెనమ్మకి తెలియదు. మూడు వారాల తర్వాత ఏమవుతుందో అసలే తెలియదు.

"సోమవారం దానికి క్లాసుందండీ" అంది.

"మంగళవారం?"

"మంగళవారం కూడా ఉందండీ."

ఆయన ఇంకేదో అనబోయి, రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

బస్టాపు దాకా పిచ్చుక పది అడుగులు ముందు నడిచింది. నిచ్చెనమ్మ పలకరించబోతే భుజం తిప్పేసుకుంది. పిచ్చుకకి అంత కోపం రావడం ఎప్పుడూ చూడలేదు, అది ఎప్పటికి తీరుతుందో, అసలు తీరుతుందో లేదో అని నిచ్చెనమ్మకి కొత్త భయం పట్టుకుంది. బస్సు కిక్కిరిసి ఉంది. అందరూ తలపైన కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు. బస్సు కదలగానే పిచ్చుక తూలింది, ఎడంచేత్తో సీటు వెనక భాగం పట్టుకుని నిలదొక్కుకుంది. ఎప్పటిలా ఏదో వంక చెప్పి తలుపు దగ్గరికి వెళ్ళి ఆనుకుంటుందని అనుకుంది నిచ్చెనమ్మ.

పిచ్చుక వంగి, కిటికీ పక్కన కూర్చున్న ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి భుజం తట్టింది.

"కొంచెం ఆ సీటిస్తారా" అంది, చుట్టుపక్కల అందరికీ వినపడేలా. "నాకు చెయ్యి లేవదు."